మెత్తకాలు మీద రిపోర్టు

రాళ్లెత్తే లోడరు మళ్లీ మూలిగింది.

క్వారీ వాలు దిగివచ్చి, రాళ్లను కంకర చేసే క్రషర్ ముందు ఆగేటప్పుడల్లా అదే మూలుగు. ఇనుప బీరువాను గచ్చు మీద ఈడుస్తున్నట్టు మొదలై, బండి పూర్తిగా ఆగేదాకా సాగుతుంది. సీటు అదురుతుంది. సీట్లో ఉన్నవాడి పళ్లు అదురుతాయి. పదిహేను రోజులుగా ఇదే వరస.

షెడ్డులో బల్ల మీద కూర్చున్న మేస్త్రి తలెత్తలేదు. ముప్పై రెండేళ్లుగా ఇలాంటి బండ్ల కింద వెల్లకిలా పడుకుని బతికిన మనిషి. నడుం పోయింది, మోకాళ్లు పోయాయి. వాటికి విడిభాగాలు దొరకవు. గడియారం వంక చూశాడు. పదకొండున్నర. మూడింటికి మేడమ్ వస్తుంది.

చుట్టుపక్కల ఐదు క్వారీల యంత్రాలకు ఆవిడే ఇంజనీరు. ఆవిడ దగ్గర ఒక కాగితం ఉంది. "డ్రైవరు బ్రేకు మీద కాలు తియ్యకుండా బండి నడుపుతున్నాడు, శబ్దానికి అదే కారణం" అని పది రోజుల క్రితం మేస్త్రి రాసిచ్చిన రిపోర్టు. ఇవాళ రెండో పరీక్ష. అందులోనూ మేస్త్రి అదే మాట అంటే డ్రైవర్ని సీట్లోంచి దింపేస్తారు. బ్రేకులు తగలేసేవాడని ఒకసారి కాగితం మీద పడితే, ఆ ఐదు క్వారీల్లో ఎక్కడా వాడి చేతికి బండి ఇవ్వరు.

ఆ డ్రైవరు మేస్త్రి భార్యకు స్వయానా తమ్ముడు.

అందరూ అతన్ని మెత్తకాలు అంటారు. అతను బ్రేకు వేస్తే బండి ముందున్న బకెట్‌లోని రాయి కూడా కదలదని ఎప్పుడో ఎవరో అన్నారు. పద్దెనిమిదేళ్లుగా అదే పేరు. ఈ మధ్యనే క్రషర్ వాళ్లు దాన్ని సవరించారు.

"ఏమయ్యా మోతకాలూ! నీ బండి కూతకి మా ఇంట్లో పిల్లాడు లేచి ఏడుస్తున్నాడు!" అని క్రషర్ మీంచి ఆపరేటరు కేకేశాడు.

"మీ ఇల్లు ఇక్కడికి పన్నెండు కిలోమీటర్లు కదరా" అన్నాడు మెత్తకాలు.

"మరదే! అంత దూరం వినిపిస్తోంది."

నలుగురు నవ్వారు. మెత్తకాలు నవ్వలేదు. బండిని షెడ్డు ముందుకు తెచ్చి ఆపాడు. మూలుగు. దిగి వచ్చి మేస్త్రి ఎదురుగా నిలబడ్డాడు. కళ్ల కింద నలుపు, నాలుగు రోజుల గడ్డం.

"మొదలుపెడదామా బావా?"

"పద."

ముందు పార్కింగ్ బ్రేకు ఒక్కటే వేయించాడు మేస్త్రి. నిశ్శబ్దం. తర్వాత బండిని నడక వేగంతో ముందుకు పోనిచ్చి కాలి బ్రేకు తొక్కించాడు. మూలుగు. వెనక్కి పోనిచ్చి తొక్కించాడు. మూలుగు. పక్కనే నడుస్తూ ఒకసారి ముందు యాక్సిల్ మీద, ఒకసారి వెనక యాక్సిల్ మీద అరచెయ్యి ఆనించాడు. రెండూ వణుకుతున్నాయి.

"ఇప్పుడు వాలు మీద మూడు ట్రిప్పులు కొట్టు. ఎప్పుడూ నడిపినట్టే నడుపు. నేనున్నానని వేషాలు వెయ్యకు."

"వేషాలెయ్యడానికి ఓపిక ఎక్కడిది బావా?"

మూడు ట్రిప్పులయ్యాక మేస్త్రి వేడి కొలిచే గన్ను పట్టుకుని నాలుగు చక్రాల దగ్గరా చూశాడు. బ్రేకు మీద కాలు తియ్యని మనిషి నడిపిన బండికి అక్కడ చెయ్యి పెట్టలేం. అంకెలు చూసి నుదురు చిట్లించాడు. నాలుగూ గోరువెచ్చగా ఉన్నాయి. నాలుగూ సమానంగా ఉన్నాయి.

గన్ను పాడైందేమో అనుకున్నాడు. చేత్తో తాకి చూశాడు. గన్ను బాగానే ఉంది.



"ఏంటి బావా?"

"ఏం లేదు. ఆయిల్ చూద్దాం."

ఈ కొత్త బండ్లలో బ్రేకు ప్లేట్లు యాక్సిల్ లోపలే, ఆయిల్లో మునిగి ఉంటాయి. కాలు తియ్యకుండా తొక్కితే ఆ ఆయిల్ మాడి నల్లబడుతుంది, ఇనుప పొడి దిగుతుంది. మేస్త్రి బండి కింద దూరి బోల్టు వదులు చేశాడు. సన్నటి ధార సీసాలో పడింది. బోల్టు బిగించి, మోచేతుల మీద జరుగుతూ ఎండలోకి వచ్చి సీసా పైకెత్తి చూశాడు.

తేనె రంగు. నలుపు లేదు, పొడి లేదు.

మూతి దగ్గర ముక్కు పెట్టాడు. గంధకం కంపు గుప్పుమంది. ముప్పై రెండేళ్లుగా గోళ్ల సందుల్లోంచి పోని కంపు. గేరాయిల్.

ఈ యాక్సిల్లో ఉండకూడనిది.

రెండున్నర నెలల క్రితం ఇక్కడే, ఈ షెడ్డులోనే ఈ బండికి ఆయిల్ మార్చింది తనే. పాత బండ్లకు బ్రేకులు బయట ఉండేవి. యాక్సిల్లో ఎంత చిక్కటి గేరాయిల్ పోస్తే అంత మన్నిక. కంపెనీ ఇచ్చిన పల్చటి ఆయిల్ డ్రమ్ము చూసి, "ఈ మంచినీళ్లు ఏం కాపాడతాయి" అని పక్కన పెట్టేసి చిక్కటిది పోశాడు. మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. ఆ చిక్కటిది రోజులు గడిచేకొద్దీ ఇంకి, బ్రేకు ప్లేట్లు పట్టు కుదరక అంటుకుంటూ, జారుతూ, మళ్లీ అంటుకుంటూ మూలుగుతాయని అప్పుడు తట్టలేదు.

శబ్దం మొదలయ్యాక కూడా బోల్టు విప్పి చూడకుండా రిపోర్టు రాసిచ్చాడు.

"మాడిందా బావా?" మెత్తకాలు వంగి అడిగాడు. "మాడే ఉంటుందిలే. నువ్వు రాసినప్పటినుంచి నా కాలు నాకే పరాయిదానిలా ఉంది. పొద్దున్నే గోడకి పాదం ఆనించి నొక్కడం, వదలడం, నొక్కడం, వదలడం. మీ చెల్లెమ్మ చూసి గోడ పడిపోతుందేమో చూసుకోండి అంటోంది. వదిలాననుకుంటాను బావా, నిజంగా వదిలానో లేదో తెలీట్లేదు. నువ్వు రాశావంటే తొక్కే ఉంటాను."

మేస్త్రి సీసాకు మూత పెట్టాడు.

గడియారం ఒకటీ పది. వీణ్ణి భోజనానికి పంపేస్తే చాలు. గంటన్నరలో ఉన్నది దించేసి పల్చటిది పోయొచ్చు. రెండు మూడు రోజుల్లో మూలుగు తగ్గుతుంది. రిపోర్టు చూసి భయపడి డ్రైవరు దారికొచ్చాడని మేడమ్ అనుకుంటుంది, ఒక హెచ్చరికతో వదిలేసినా వదిలేస్తుంది. వీడూ అలాగే అనుకుంటాడు. బతికినన్నాళ్లూ తన కాలిదే తప్పనుకుంటాడు.

"వెళ్లి తినిరా" అన్నాడు మేస్త్రి.

"నువ్వు?"

"నాకు ఆకలి లేదు."

మెత్తకాలు వెళ్లాడు. మేస్త్రి పల్చటి ఆయిల్ డ్రమ్ముదాకా నడిచాడు. దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పాన పక్కనే ఉంది. ఆ పాన అందుకోవడానికి ఒళ్లు సహకరించలేదు. అబద్ధమాడటానికి కూడా కొంత సత్తువ కావాలి. తిరిగొచ్చి బల్ల మీద కూర్చున్నాడు. సీసా ఎదురుగా పెట్టుకున్నాడు.

మేడమ్ మూడుంబావుకి వచ్చింది. హెల్మెట్ తీసి జుట్టులోని దుమ్ము దులుపుకుంటూ కుర్చీలో కూలబడింది. అప్పటికే మూడు క్వారీలు తిరిగొచ్చింది. మెత్తకాలు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చెప్పండి మేస్త్రి గారూ. తప్పు కాలిదేనా?"

మేస్త్రి సీసా ముందుకు జరిపాడు. "వాసన చూడండి మేడమ్."

ఆవిడ మూత తీసి, వెంటనే మొహం తిప్పుకుంది. "గేరాయిల్. ఎక్కడిది?"

"లోడరు యాక్సిల్లోది."

"ఎవరు పోశారు?"

"నేనే."

గుమ్మం దగ్గర చేతులు విడివడ్డాయి.

మేస్త్రి నేల చూస్తూ మొత్తం చెప్పాడు. పాత అలవాటు, పక్కన పెట్టిన డ్రమ్ము, వేడెక్కని నాలుగు చక్రాలు. మేడమ్ మధ్యలో ఆపలేదు. సంచిలోంచి రిపోర్టు తీసి బల్ల మీద పరిచింది.

"ఇది రాసేముందు బోల్టు విప్పి చూశారా?"

"లేదు."

"వేడి చూశారా?"

"లేదు."

"మరి దేన్ని చూసి రాశారండీ?"

"వాడు నా బావమరిది మేడమ్. బండిలో లోపముందని రాస్తే సొంతవాణ్ణి వెనకేసుకొచ్చాననుకుంటారు. వేరే డ్రైవరైతే బండి విప్పేవాణ్ణి. వీడు కాబట్టి విప్పకుండానే వీడి మీద రాసేశాను. న్యాయంగా ఉన్నాననుకున్నాను."

ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. మెత్తకాలు బయటికి వెళ్లిపోయాడు.

మేడమ్ కళ్లు నులుముకుంది. "ఇంకెన్ని బండ్లలో పోశారు?"

"రెండు."

"అవి మూలగడం లేదే?"

"చదును నేల మీద తిరుగుతున్నాయి కాబట్టి. వాలు ఎక్కిస్తే ఇవాళో రేపో మొదలెడతాయి."

"ఎక్కించొద్దు. మూడూ ఆపేయండి." పాత రిపోర్టు మీద అడ్డంగా గీత కొట్టి కింద రెండు వరుసలు రాసింది. "డ్రైవరు తప్పు లేదని రాశాను. అతను ఆ సీట్లోనే ఉంటాడు. ఇక ఆయిల్ పోసేముందు డ్రమ్ము మీది రకం, బండి పుస్తకంలోని రకం ఒకటేనని ఇద్దరు చూసి రాయాలి. బ్రేకుల మీద మీ ఒక్కరి సంతకం చెల్లదు."

ముప్పై రెండేళ్ల సంతకం.

"అలాగే మేడమ్."

"మీ అంతట మీరే చెప్పినందుకు మెచ్చుకోవాలో, పది రోజులు ఆలస్యంగా చెప్పినందుకు తిట్టాలో తెలీట్లేదు. రెండింటికీ ఓపిక లేదు." హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయింది.

మేస్త్రి బండి కింద దూరాడు. చిక్కటిది దించాడు. పల్చటిది పోశాడు. ప్లేట్లలో ఇంకిన పాతది బయటికి రావాలంటే బండిని నడిపి, బ్రేకులు తొక్కి, దాన్నీ దించేసి మళ్లీ కొత్తది పోయాలి. అప్పటికీ తగ్గకపోతే ప్లేట్లే మార్చాలి. నడపడానికి మనిషి కావాలి. ఎలా పిలవాలో తెలియక బండి కిందే కాసేపు ఉండిపోయాడు.

బయటికొచ్చేసరికి మెత్తకాలు సీట్లో ఉన్నాడు.

బండి కదిలింది. మేస్త్రి యాక్సిల్ పక్కన కుంటుతూ నడిచాడు. బ్రేకు. మూలుగు. మళ్లీ కదిలింది. బ్రేకు. మూలుగు. ఏడోసారికి కొంచెం పొట్టిదైంది. పదకొండోసారి, బండి ఆగబోయే ముందు మాత్రం చిన్నగా గొణిగింది.

మెత్తకాలు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"బావా."

"ఊఁ."

"మా అక్కకి నేను చెప్పను. ఇంటికెళ్లి నువ్వే చెప్పుకో."

మేస్త్రికి మేడమ్ ముందు పట్టని చెమట ఇప్పుడు పట్టింది. చేతి మసిగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"చెబుతాలేరా" అన్నాడు. "ఇంకోసారి తొక్కు."