చెక్కలను అడిగిన ప్రశ్న

నా కూతురు తల్లి చావును చూపించి యూనివర్సిటీలో సీటు తెచ్చుకుంది.

పిన్-యున్ చదివింది ఎలక్ట్రానిక్స్. సిన్చూ పట్నంలోని కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఆరేళ్ళు పనిచేసింది. ఏ చిప్పు పాడైంది, ఎందుకు పాడైంది, అదే ఆమె ఉద్యోగం. అది మానేసి, తైపీలో మతాల గురించి ఎం.ఏ. చదువుతానంది. నేను ఊరి బడిలో ఆరో తరగతితో ఆగినవాణ్ణి. సముద్రంలో ఆల్చిప్పలు పెంచుతాను. అలాంటి చదువు ఒకటుందని నాకు తెలియదు.

"గుళ్ళో కూర్చుంటావా?" అన్నాను.

"కాదు నాన్నా. జనం ఎందుకు మొక్కుతారో చదువుతాను."

"నేను చెబుతా. భయం."

"ఆ ఒక్క ముక్కకి సీటివ్వరు."

వేరే చదువు నుంచి వచ్చేవాళ్ళు ఏం పరిశోధిస్తారో ముందే రాసి పంపాలట. ఆమె దగ్గర ఇంకేమీ లేదు. నా గురించి రాసింది.

అమావాస్యకూ పున్నమికీ నా భార్య బీ-లాన్ ఫొటో ముందు అన్నం పెడతాను. తిన్నావా అని అడిగి, చంద్రవంకల్లాంటి రెండు చెక్కలు నేలమీద వేస్తాను. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అవునని. రెండూ బోర్లా పడితే కాదని. రెండూ వెల్లకిలా పడితే నవ్వుతోందని. అవునని పడితే గిన్నెలు తీసేస్తారు. అందరిళ్ళలో జరిగేదే. పిన్-యున్ రెండేళ్ళు ఆ రోజులకి ఇంటికొచ్చి, నా వెనక కూర్చుని, చెక్కలు ఎలా పడ్డాయో ప్రతిసారీ రాసుకుంది.

ఇంటర్వ్యూకి మూడు రోజుల ముందు వచ్చింది. మా మరదలు ఆ-గెక్ గడప దగ్గర ఆల్చిప్పలు ఒలుస్తోంది.

"నాన్నా, అవునని పడ్డాక కూడా నువ్వు మళ్ళీ వేస్తావు. కాదని పడేదాకా వేస్తూనే ఉంటావు. ఒకసారి పదిహేడుసార్లు వేశావు. ఊళ్ళో ఎవరూ అలా చెయ్యరు. ఎందుకు?"

"నా ఇష్టం."

"గురువారం అదే అడుగుతారు. జవాబు లేకపోతే, ఇంజనీరు అంకెలు పట్టుకొచ్చిందని పంపించేస్తారు. ఉద్యోగం కూడా లేదిప్పుడు."

"చెప్పు బావా" అంది ఆ-గెక్. "మొండిఘటం అని రాసుకుంటుంది. సీటు ఖాయం."

పిన్-యున్ నవ్వలేదు. పెన్ను పట్టుకుని నా మొహం వైపే చూస్తోంది. చిప్పులను కూడా అలాగే చూసి ఉంటుంది.

"మొదటిసారి తిన్నావా అని అడుగుతాను" అన్నాను. "తర్వాత, నామీద కోపంగా ఉన్నావా అని. కాదంటేనే లేస్తాను."

"కోపమెందుకు?"

"మీ అమ్మ పోవడానికి రెండు రోజుల ముందే కడుపునొప్పని చెప్పింది. ఆల్చిప్పల కోత అయ్యాక ఆసుపత్రికి వెళ్దామన్నాను."

అంత్యక్రియలప్పుడు అందరికీ వేరేగా చెప్పాను. నొప్పి పోయిన రోజు పొద్దుటే వచ్చిందన్నాను.

ఆ-గెక్ చేతిలో కత్తి ఆగింది. "అక్క నీకు ముందే చెప్పిందా?"

"చెప్పింది."

కత్తి బుట్టలో పడేసింది. గ్లవ్స్ విప్పింది. సగం ఒలిచిన బుట్ట అక్కడే వదిలి వెళ్ళింది. మళ్ళీ మా గడప తొక్కలేదు.

"ఇది అక్కడ చెప్పొద్దు" అన్నాను.

"చెప్పను నాన్నా."

పెన్ను మూసింది. నమ్మాను.

రెండు వారాలకి ఫోన్ చేసింది. "సీటొచ్చింది నాన్నా. లిస్టులో రెండో పేరు."

"ఏమని చెప్పావు?"

"లెక్కలన్నీ పక్కకి నెట్టేశారు. చిప్పులు చూసుకునేదానివి, నీకిక్కడేం పని అన్నారు. ఆయన మళ్ళీ మళ్ళీ ఎందుకు వేస్తాడని, ఆ ఒక్కటే అడిగారు."

"చెప్పావు."

"నీ పేరు చెప్పలేదు నాన్నా."

"దరఖాస్తు మీద నీ ఇంటిపేరు లేదా?"

ఫోన్ పెట్టేశాను.

మర్నాడు ఆ చెక్కలు పాత పేపర్లో చుట్టి ఆమె హాస్టల్‌కి పోస్టు చేశాను. చదువుకి పనికొస్తాయి. ఇప్పుడూ అన్నం పెడతాను. అగరొత్తి ఆరేదాకా కూర్చుని గిన్నెలు తీసేస్తాను. ఏమీ అడగను.

ఆమె ఫోన్ చేస్తే సముద్రం ఎలా ఉందో చెబుతాను. ఆ సంగతి ఎత్తితే పెట్టేస్తాను. ఇక్కడ ఒక్కసారి రాశాను. కూతురైనా, మరదలైనా, ఇకమీదట ఎవరడిగినా ఈ మాట నా నోట రాదు.