రక్తనాళాలు వినని మందు

పందొమ్మిదేళ్లుగా నల్లగొండలోని ఆ చిన్న దవాఖాన ఆపరేషన్ గదిలో సూది మందులు కలిపేది తాహేరా సిస్టరే. తొంభై మూడులో బిక్షమ్మ వచ్చింది. ఆరు నెలలు తిరక్కుండానే మత్తు డాక్టర్ మొయినుద్దీన్ ఆ పని కొత్త పిల్లకు అప్పగించారు. "బిక్షమ్మ చెయ్యి నిక్కచ్చిగుంటది" అని అందరి ముందూ అన్నారు. ఆనాటి నుంచి ఆ పిల్ల నవ్వినా తాహేరాకు ఒళ్లు మండేది.

ఆ రోజు కేతేపల్లి ఐలేశం భార్య సుక్కమ్మకు గర్భసంచి ఆపరేషన్. నడుముకు మత్తు ఇవ్వగానే రక్తపోటు దిగజారింది. రక్తనాళాలను బిగించే మందు బిక్షమ్మ కలిపి అందించింది. రెండు సూదులకు చలనం లేదు. నాలుగో సూదికి గాని నాడి సరిగా అందలేదు. ఆపరేషన్ ముగిశాక డాక్టర్ మండిపడ్డారు.

"నీళ్లెన్ని పోసినవ్? మనిషి పోతుండె! రేపటి సంది రాకు."

"లెక్క ప్రకారమే కలిపిన సార్, ఒట్టు!" బిక్షమ్మ ఏడ్చింది.

తాహేరా కడుపు చల్లబడింది. కానీ వరండాలో సుక్కమ్మ తల్లిని చూడగానే ఆ చల్లదనం నిలవలేదు. రెండేళ్ల కిందట మర్రిగూడ దుర్గయ్య భార్య గుర్వమ్మకు ఆపరేషన్ అయిననాడు కూడా బిడ్డ కోసం అక్కడ కూర్చున్నది ఈ ముసలమ్మే. ఆనాడు మత్తిచ్చింది వేరే డాక్టర్, మందు కలిపింది తాహేరా. అప్పుడూ మూడు సూదుల దాకా రక్తపోటు లేవలేదు. తన చెయ్యే తప్పిందేమోనని భయపడి ఆమె నోరెత్తలేదు. రిజిస్టరులో ఆడవాళ్లను భర్త పేరుతో, అత్తవారి ఊరుతో రాస్తారు. ఇద్దరూ అక్కచెల్లెళ్లని డాక్టర్లకు తెలిసే వీలే లేదు.

ఊరుకుంటే మందుల బల్ల మళ్లీ తనదే. చివరికి ఈ ఏటిదీ, రెండేళ్ల కిందటిదీ రెండు రిజిస్టర్లూ తెచ్చి డాక్టర్ ముందు పరిచింది.

"తప్పు పిల్లది కాదు సార్. వీళ్లిద్దరు ఒక్క తల్లి బిడ్డలు. నేను కలిపిననాడు గూడ గిట్లనే అయింది. భయపడి చెప్పలే."

డాక్టర్ రెండు పేజీలూ మెల్లగా చదివారు.

"కొందరి రక్తనాళాలు గీ మందు మాట వినవు. తల్లిదండ్రుల నుంచే వస్తుండొచ్చు. ఇంకో బిడ్డ ఉందేమో అడుగు, ఈ మందు పనిచెయ్యకపోవచ్చని చీటీ రాసిద్దాం. బిక్షమ్మను పిలువు. ఆమె పని ఆమెకే."

వచ్చిన బిక్షమ్మ సంగతి విని చేతులు పట్టుకోబోయింది. తాహేరా వెనక్కి లాక్కున్నది.

"మీద పడకు. నువ్వంటే నాకు ఇయ్యాల గూడ పడదు. గాని చెయ్యని తప్పుకు నిన్ను ఎల్లగొడ్తె చూస్కుంట ఎట్లుంట? పో, మొకం కడుక్కో."