బోడిమెడ పిల్ల

తాళాల మేస్త్రీ అట్టపెట్టెను ఒడిలో పెట్టుకుని కోడిపిల్లల హ్యాచరీ వెనక గదిలో కూర్చున్నాడు. పెట్టెలో ఒకే ఒక్క కోడిపిల్ల. ఒళ్లంతా పసుపు నూగు, మెడ మాత్రం ఎర్రగా, నున్నగా ఉంది. అతని భార్య పెంచిన బోడిమెడ కోళ్లలో మిగిలింది అదొక్కటే. ఆమె పోయి నెల తిరగకముందే తల్లి పెట్టను కుక్క పట్టుకుపోయింది. గూట్లో ఉన్న గుడ్లను పక్కింటి పొదుగుకోడి కింద పెడితే, చివరికి ఇదొక్కటే దక్కింది.

పెట్టా, పుంజా? అతనికి తెలియవలసింది అంతే.

వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె అతని భార్యకు అక్క. అప్పుడే పుట్టిన పిల్లల్ని పట్టి చూసి, పెట్టల్ని ఒక ట్రేలోకి, పుంజుల్ని ఒక ట్రేలోకి వేయడం ఆమె ఉద్యోగం.

"ఏం మరిదీ, తాళం పడిపోయిందా, పెట్టె మోసుకొచ్చావు?"

"ఇది నువ్వే తీయాలి వదినా."

ఆమె పిల్లను దీపం కింద పట్టి రెక్క విప్పింది.

"ఎప్పుడు పుట్టింది?"

"అటు మొన్న."

"మొదటి రోజే తేవాల్సింది. రోజు దాటాక కింద నొక్కి చూసినా తేలదు."

"రెక్క చూసి చెబుతావుగా?"

"అది మా ఫారం జాతులకు. పెట్టకు రెక్క ఈకలు పొడుగ్గా వచ్చేలా చూసి జత కలుపుతారు. ఇంటికోడి రెక్క చూస్తే రెక్కే కనబడుతుంది."

అతను తల వంచుకున్నాడు. "కోడి తనంతట తను గూడు దిగేదాకా పిల్లను ముట్టుకోవద్దనేది మీ చెల్లెలు. అందుకని ఆగాను."

వదిన పిల్లను రెండు చేతుల మధ్య కప్పి ఉంచింది.

"పుంజైనా మునిగిందేం లేదు. మరో పెట్టతో కలిపితే బోడిమెడ పిల్లలు పుడతాయి. జాతి నిలుస్తుంది."

"జాతి గురించి కాదు వదినా. గుడ్డు పెట్టాక ఆ పెట్ట కొంపలు మునిగినట్టు అరిచేది. మీ చెల్లెలు ఏ పనిలో ఉన్నా 'వస్తున్నానే మహాతల్లీ' అంటూ పెరట్లోకి వెళ్లేది." అతను పెట్టె అంచు సరిచేశాడు. "ఆమె రాదని తెలుసు. ఆ అరుపు వినబడితే చాలు."

వదిన దీపం ఆర్పింది.

"ఊరికే ఓ మాట చెప్పు వదినా. ఏదనిపిస్తోంది?"

"నేను ఊహించి చెప్పను. మా చెల్లెలైతే అన్నీ పెట్టలే అనేది. తీరా పెరిగాక సగానికి సగం కూతపెట్టేవి."

ఇద్దరికీ నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది.

"నెత్తి మీది తురాయి ఎర్రబడేదాకా ఆగు. అప్పుడు కబురు చెయ్యి, వస్తాను."

పిల్ల అతని పనిబల్ల కింద పెరిగింది. అరిగిన తాళంచెవుల మధ్య తిరుగుతూ, అతను లేస్తే లేచేది. పొద్దున్నే తలుపు తీయగానే అతని చూపు దాని తల మీదికి పోయేది.

కబురు రాలేదు. చూసి చూసి, ఒక సెలవు రోజున వదినే వచ్చింది. పెరట్లో పొడుగు కాళ్ల మీద, వంపు తిరిగిన తోకతో, ఎర్రటి తురాయితో అది ఎదురుగా నిలబడింది.

"పుంజు," అంది వదిన.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"చాలా రోజులైంది."

"మరి కబురు చేయలేదేం?"

"నువ్వొచ్చి చూస్తే తేలిపోతుంది కదా వదినా."

ఆమె మెట్టు మీద అతని పక్కన కూర్చుంది. పుంజు గోడెక్కి మెడ సాచింది. దానికింకా గొంతు కుదరలేదు. కూత సగంలోనే విరిగింది. మిగతా సగం కోసం ఇద్దరూ గోడ వైపు చూస్తూ ఉండిపోయారు.