సందు లేని సర్దుడు

పదిహేడో డబ్బా మీది కాగితం ఊడిరానని మొండికేసింది. నాయిగ్ దాన్ని మళ్లీ వేడినీళ్ల బక్కెట్లో ముంచి, గోటితో అంచు లేపి, బంగాళాదుంప తొక్క తీసినట్టు చుట్టూ ఒలిచేసింది. పడవలోకి వెళ్లే డబ్బా ఏదీ కాగితంతో వెళ్లకూడదు. పడవ అడుగున నీరు చేరితే ఆ కాగితాలు నాని ముద్దయిపోయి, నీళ్లు తోడే పంపుకు అడ్డం పడతాయి. అందుకని ఒలిచిన డబ్బాను తుడిచి, మూత మీద ఎర్ర రంగుతో గుర్తు పెడుతుంది. బఠాణీలకు చుక్క, సార్డీన్ చేపలకు గీత, పంది మాంసానికి చిన్న కొక్కెం. లోపలి పల్లె నుంచి చెల్లెలు ప్రేమగా పంపిన మాంసం డబ్బా ఒకటి మాత్రం అలమరలోనే ఉండిపోయింది. అది పెద్ద చెవుల జంతువు మాంసం, కుందేలుది; పడవ మీద కుందేలంటే అపశకునమని సముద్రపు మనుషుల నమ్మకం. దాన్ని పడవెక్కించడం మాట అటుంచి, పడవ దగ్గర దాని పేరెత్తినా చాలు, భర్త హెర్వె ఆ పూట ప్రయాణమే మానుకుంటాడు. పొలాల్లోకి కాపురానికి పోయిన మనిషికి సముద్రపు సంగతులు ఏం గుర్తుంటాయని నాయిగ్ నవ్వుకుంది.

ఆమెకు అరవై రెండేళ్లు. పొట్టి మనిషి. ఉప్పుకీ నూనెకీ అరిగి వేళ్ల చివర్లు నున్నగా అయిపోయాయి. పదమూడో ఏట సార్డీన్ల ఫ్యాక్టరీలో చేరి, పోయిన శీతాకాలం దాకా నలభై ఎనిమిదేళ్లు డబ్బాల్లో చేపలు పేర్చింది, ఒకదాని తల పక్కన ఇంకోదాని తోక వచ్చేలా. పేర్చడం అయ్యాక మేస్త్రమ్మ వచ్చి చిటికెనవేలు పెట్టి చూసేది. ఎక్కడైనా వేలు దూరిందా, డబ్బా మొత్తం విప్పి మళ్లీ పేర్చాల్సిందే. మొదటి వారం పదకొండు డబ్బాలు విప్పించుకుని నాయిగ్ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు. ఆమె గురించి ఈ రేవులో ఎవరినడిగినా చెప్పే సంగతి ఇదొక్కటే. చెప్పుకోవడానికి ఆమెకూ ఇంకొకటి లేదు.

హెర్వె పడవల మరమ్మతు షెడ్డులో వడ్రంగి. ఏడు మీటర్ల ఈ తెరచాప పడవను సెలవు రోజుల్లో తన చేతులతోనే కట్టుకున్నాడు. ఇరవై ఆరు వేసవుల నుంచీ ఏటా ఒకసారి స్నేహితుడు జోబ్‌ని తీసుకుని ఐర్లండు దాకా పోయి వస్తాడు. ఇరవై ఆరుసార్లూ పడవ సర్దింది నాయిగే. గుడ్లు పాడవకుండా వెన్న పూసి రంపపు పొట్టులో పెట్టింది. అగ్గిపెట్టెలను మైనం గుడ్డలో చుట్టింది. రేవు గట్టు మీద నిలబడి చెయ్యి ఊపి, ఖాళీ బండి తోసుకుంటూ ఇంటికి వచ్చింది. ఆ పడవలో ఒక్కసారైనా సముద్రం మీదికి పోలేదు. అత్తగారు బతికి ఉండగా, ఆడదాన్ని పడవెక్కిస్తే దరిద్రమని ఆవిడ భయం. ఆవిడ పోయాక భయం లేదు గానీ అడిగినవాళ్లూ లేరు. అడగనిదే వస్తాననడానికి నాయిగ్‌కు నోరు రాలేదు. అన్నేళ్లూ లోపల కోరిక ఉంది, కుతకుతా ఉడుకుతూనే ఉంది.

ఇక ఇదే ఆఖరు. హెర్వె మోకాలు పాడైంది, పడవ అమ్ముడైంది. పట్నం నుంచి ఒక పళ్ల డాక్టరు వచ్చి బేరం కుదుర్చుకున్నాడు, నెలాఖరుకు తోలుకుపోతాడు. అందుకే ఈసారి ఐర్లండు కాదట. తీరం వెంబడే దక్షిణానికి, బెల్-ఈల్ దీవి దాకా, రాత్రుళ్లు రేవుల్లో పడుకుంటూ పది రోజులు. ముసలాళ్లకు అదే చాలులే అని నాయిగ్ అనుకుంది. పొద్దున తెరచాపలు కుట్టే అతని దగ్గర పనుందంటూ బయల్దేరుతూ, హెర్వె గుమ్మంలో ఆగాడు.

"ఆ ఎడమ పక్క పడక అలాగే ఉంచు. దాని మీద ఏమీ పెట్టకు," అన్నాడు.

ఇదేం కొత్త సంగతా అనుకుంది నాయిగ్. కుడి పడక హెర్వెది, ఎడమ పడక జోబ్‌ది. ఇరవై ఆరేళ్లుగా జోబ్ పడుకుని గురకపెట్టే చోట ఆమె ఉల్లిపాయలు పెడుతుందా ఏమిటి? అయినా పొద్దున్నే పోట్లాట ఎందుకని సరేనంది.

పదకొండింటికి డబ్బాలు, గోధుమ పిండి, ఉప్పు వెన్న, ఉల్లిపాయలు, ఆపిల్ సారా సీసాలు, అన్నీ బండికెత్తుకుని రేవుకు తోసుకొచ్చింది. నీరు తీసి ఉంది. పడవలన్నీ బురదలో పక్కకు ఒరిగి కూర్చున్నాయి. పోటు సాయంత్రం నాలుగింటికి. జోబ్ భార్య లెనా వలలు బాగుచేసే అరుగు మీదనుంచి ఆమెను చూసి దగ్గరకు వచ్చింది. జోబ్‌కు కడుపులో పేగు జారిందనీ, బరువెత్తితే కత్తి పెట్టాల్సి వస్తుందని డాక్టరు బెదిరించాడనీ, ఈసారి రావడం లేదనీ చెప్పింది.

"మీ ఆయనకి ఆదివారమే చెప్పాడే. నీతో అనలేదా?"

అనలేదు. ఆయన నోరు విప్పితే ముత్యాలు రాలిపోవూ, అంది నాయిగ్. లెనా నవ్వి, నువ్వే వెళ్లరాదా అక్కా, కోళ్లకి మేత నేను వేస్తాగా అంది. నాయిగ్ చూపు ఒక్కసారి పడవ వైపు పోయింది. అయినా మూతి తిప్పింది.

"నన్నెవరు పిలిచారమ్మా?"

లెనా వెళ్లిపోయాక ఆమె నిచ్చెన దిగి, పడవ లోపలి గదిలో మోకాళ్ల మీద కూర్చుని సర్దడం మొదలుపెట్టింది. బరువైనవి అడుగున, మధ్యలో. సీసాలు కొట్టుకోకుండా మధ్యలో మేజోళ్లు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, మనసు మాత్రం ఇంకో చోట ఉంది. హెర్వె నాలుగింటికి వస్తాడు. జోబ్ రావట్లేదు అంటాడు. తను ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టాలి. అప్పుడతను తల గోక్కుని, నువ్వొస్తావా మరి, అంటాడు. వెంటనే సరే అంటే ఎదురుచూస్తూ కూర్చున్నట్టుంటుంది. కాస్త గునిసి, ఈ వయసులో నాకెందుకయ్యా అని, ఆ తర్వాత ఒప్పుకోవాలి. ఊలు చొక్కా ఇంట్లో ఉంది, పరిగెత్తి తెచ్చుకోవచ్చు. బెల్-ఈల్‌లో ఏముంటుందో ఆమెకు తెలియదు, ఏమున్నా సరే.

అలా అనుకుంటూ అనుకుంటూ ఎడమ పడక దగ్గరికి వచ్చింది. జోబ్ లేనప్పుడు అది ఖాళీ. అంత ఖాళీ చూసేసరికి ఆమె చేతులు ఊరుకోలేదు. అయినా పూర్తిగా చేతులదే తప్పనడానికీ లేదు. ఆ పడక అలా నున్నగా, సిద్ధంగా వదిలేస్తే హెర్వె ఏమనుకుంటాడు? నాకోసమే ఉంచుకున్నాను అని ముందే చెయ్యి చాచినట్టుండదూ? ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఉల్లిపాయల సంచి పెట్టింది, పిండి పెట్టింది, మడతపెట్టిన అదనపు తెరచాప పెట్టింది, మధ్యలో మిగిలిన చోట్లలో గుర్తు పెట్టిన డబ్బాలు కూరింది. అడిగాడంటే తీసేయడం ఎంతసేపు, అనుకుంది.

మూడున్నరకు నీరు వచ్చి పడవ నిటారుగా లేచింది. హెర్వె కుంటుకుంటూ వచ్చాడు. చంకలో గోనెపట్టాలో చుట్టిన మూట ఒకటి ఉంది. దాన్ని గట్టు మీది బండిలో పెట్టి, పడవలోకి దిగి, తల వంచి గదిలోకి చూశాడు. చాలాసేపు అలా వంగే ఉన్నాడు.

"ఎడమ పక్క కూడా నింపేశావు," అన్నాడు.

"జోబ్ రావట్లేదటగా, లెనా చెప్పింది. ఖాళీగా ఉంచితే అన్నీ దొర్లిపోవూ? కావాలంటే వేలు పెట్టి చూసుకో."

హెర్వె నిజంగానే వేలు పెట్టి చూశాడు. "దూరట్లేదు," అన్నాడు.

ఆమె ఎదురుచూసింది. అతను తాడు విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ విప్పాడు. గాలి ఎటుందో చూశాడు. ఒక్కడివే వెళ్తావా అని ఆమే అడిగింది.

"ఒక్కణ్ణే మరి," అన్నాడు హెర్వె. తర్వాత ఆమె మొహంలోకి చూడకుండా అన్నాడు. "కోళ్లకి మేత నువ్వే వెయ్యాలిగా."

లెనా వేస్తానంది అంటే సరిపోయేది. రెండు మాటలు.

"నేను కాకపోతే ఇంకెవరేస్తారు," అంది నాయిగ్.

అనేసి నాలుక కరుచుకుంది. అప్పటికే అతను తల ఊపేశాడు. పోటు నిలిచే సమయం కొంచెమే, అది దాటితే రేవు నోటి దగ్గర మళ్లీ బురదే. హెర్వె ఆమె రెండు బుగ్గలకూ ముద్దు పెట్టి, పదో రోజుకు వచ్చేస్తానని, బండి మర్చిపోకుండా తీసుకెళ్లమని చెప్పాడు. ఆమె నిచ్చెన ఎక్కింది. తాడు నీళ్లలో పడింది. ఎర్ర తెరచాప రెండుసార్లు కొట్టుకుని గాలి పట్టింది. పడవ చప్పుడు లేకుండా గట్టు నుంచి విడిపోయి, లైట్‌హౌస్ దాటి, ఎడమకు తిరిగింది. హెర్వె ఒకసారి వెనక్కి చూసి చెయ్యెత్తాడు. ఆమె కూడా ఎత్తింది, ఎప్పటిలాగే.

పడవ పిడికెడంత అయ్యాక ఆమె బండి దగ్గరికి వచ్చింది. గోనెపట్టా మూట ఇంకా అందులోనే ఉంది. ఎక్కించడం మర్చిపోయాడు, ఈ మనిషికి మతిమరుపు ముదిరిపోతోంది అని విసుక్కుంటూ తాడు ముడి విప్పింది.

లోపల పసుపుపచ్చ వానకోటు. కొత్తది, ఇంకా రబ్బరు వాసన పోలేదు. హెర్వె భుజాలకు సగం కూడా రాదు. జోబ్‌కు అసలే రాదు. నాయిగ్ దాన్ని తన ఒంటికి ఆనించి చూసుకుంది, మోకాళ్ల కిందకు సరిగ్గా వచ్చింది. అప్పుడు తెలిసింది ఆమెకు. జోబ్ రాడని ఆదివారం నుంచే తెలిసిన మనిషి ఈ పొద్దున ఆ పడక ఎవరికోసం ఖాళీగా ఉంచమన్నాడో, రాత్రుళ్లు రేవుల్లో ఆగుతూ పోయే ఆ చిన్న దారి ఎవరికోసం ఎంచుకున్నాడో. అడగడం అతనికి అంతకంటే ఎలా వస్తుంది? నలభయ్యేళ్లు కాపురం చేసి ఆ మాత్రం తెలియదా తనకు? జవాబు కోసమే వంగి చూశాడు లోపలికి, తను జవాబు చెప్పేసింది. వేలు పెట్టి చూసుకో అని మరీ చెప్పింది.

ఆమె గట్టు చివరిదాకా పరిగెత్తింది. కేకేసినా వినపడేంత దూరంలో పడవ లేదు. తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది.

లెనా అరుగు మీదనుంచి, ఏంటక్కా అది, అని అరిచింది. నాయిగ్ వెనక్కి వచ్చి కోటును బండిలో పరిచి, ముడతలు పోయేలా అరచేత్తో దువ్వింది. దాని చేతులు ఆమె పొట్టి చేతులకు సరిపడేలా లోపలికి మడిచి ఉన్నాయి. మడత చుట్టూ తెరచాపలు కుట్టే లావు దారంతో, ఒకదాని పక్కన ఒకటి, దగ్గర దగ్గరగా కుట్లు.