గోటికి లొంగని చాకులు

మా ఆయన హోబర్ట్‌కి మడత చాకుల పిచ్చి. ఏదో ఒకటీ రెండూ దాచుకునే పిచ్చి కాదమ్మా, బాగా ముదిరిన పిచ్చి. నా చేతిరుమాళ్ళు ఉండాల్సిన సొరుగులో చాకులు. పిండి డబ్బా వెనక చాకులు. ఎముక పిడివి, జింక కొమ్ము పిడివి, రెండు బ్లేడ్లవి, మూడు బ్లేడ్లవి. ఇన్ని పోగేసినా ఆయనకు నచ్చిన చాకు ఇంకా ఈ భూమ్మీద పుట్టనేలేదట! దాన్ని ఆయనే పుట్టించాలట. గోడ మీద క్యాలెండరులో నెల మారడం ఆలస్యం, ఆ కాగితం చింపి వెనకవైపు బొమ్మలు గీస్తూ కూర్చుంటాడు.

"నాలుగు బ్లేడ్లు, వెర్డీ. పొడుగు మొనది ఒకటి. గొర్రె గిట్టలా మొద్దు కొసది ఒకటి. పొగాకు కోసుకోడానికి సన్నది. కోడెదూడల బీజాలు తీయడానికి ఇంకోటి."

"మనకి దూడలెక్కడివయ్యా? ఆవునే అమ్మేశాం కదా!"

"దూడలు లేకపోతే బ్లేడు మానేస్తారా ఎవరన్నా?"

ఇదీ వరస. పొయ్యి మీద చిక్కుడు గింజలు మాడిపోతున్నా ఈయనకి పట్టదు. నాకు తల ప్రాణం తోకకొచ్చేది.

పోయిన చలికాలంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట నిలబడింది, నడకా తిరిగొచ్చింది, కుడిచేతి బొటనవేలికి మాత్రం పట్టు రాలేదు. మడత చాకు తెరవాలంటే బ్లేడు మీదున్న గాడిలో ఆ వేలి గోరే పెట్టి లాగాలి. లోపలి స్ప్రింగు బిగువుగా ఉండి 'టక్'మని తెరుచుకోవాలి. అలా చప్పుడు చేయకపోతే మా టెన్నెసీ కొండల్లో దాన్ని చాకని ఎవడూ అనడు.

కోర్టు ముందర ఒక పొడుగాటి బల్ల ఉంది. పనీపాటా లేని ముసలాళ్ళంతా పొద్దున్నే అక్కడ చేరతారు. ఎవరి దగ్గరికి కొత్త చాకొచ్చినా బల్ల ఈ చివర్నించి ఆ చివరికి చేతులు మారాలి. ప్రతివాడూ ఒక్కో బ్లేడూ తన గోటితోనే తెరిచి, చప్పుడు విని, మూసి పక్కవాడికివ్వాలి. వేరేవాడు తెరిచి చేతికందించడమంటే, ఇక నీ పని అయిపోయిందిరా అని మొహమ్మీద అన్నట్టే. అందుకని మా ఆయన బల్ల దగ్గరికి వెళ్ళడం మానేశాడు. అదన్నా ఒప్పుకుంటేగా! ఒకరోజు చలంటాడు, ఒకరోజు ఆ బల్ల చెమ్మంటాడు.

"చాకు తెరవలేకపోతున్నావా?" అని అడిగేశాను.

"నూనె ఎండిపోయింది, అంతే!" అని కసిరాడు.

ఇలా మూల కూర్చుంటే మనిషి మంచాన పడతాడని డాక్టరు నాకు చెప్పాడు. నిజంగానే నా కళ్ళముందే కరిగిపోతున్నాడు. తిండి సగమైంది. రేడియో పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. బొమ్మలు గీయడం ఒక్కటే మిగిలింది, అదీ ఎడంచేత్తో.

చివరికి ఒక బొమ్మ ఖాయం చేసి, చాకులు చేసే ఆర్విల్‌కి ఇచ్చి రమ్మన్నాడు. వెళ్ళాను. బొమ్మతో పాటు నా మాట కూడా చెప్పొచ్చాను. పెద్ద బ్లేడు దగ్గర పిడి అంచున అర్ధచంద్రంలా ఒక కోత పెట్టమన్నాను. అక్కడ బ్లేడుని రెండు వేళ్ళతో పట్టుకుని లాగేయొచ్చు, గోటితో పనిలేదు.

"హోబర్ట్ నన్ను నిలువునా పాతేస్తాడు వదినా," అన్నాడు ఆర్విల్.

"ముందు నన్ను పాతాలి. నువ్వు కొయ్యి."

చాకు వచ్చింది. ఎంత అందంగా ఉందో! మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, కోత చూశాడు. మొహం కందగడ్డయింది.

"ఇదేంటి? ముసలమ్మలు వాడే చాకా?" అని మంచమ్మీదకి విసిరేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అవును, నేను ముసలమ్మనే! ఇది నాది, పో!" అని చాకు తీసుకుని సంచీ తగిలించుకుని బయటపడ్డాను. ఎక్కడికి పోవాలో తెలీక తిన్నగా ఆ బల్ల దగ్గరికే పోయాను. ఆడమనిషి అక్కడ కూర్చోవడం ఎవరూ ఎరగరు. కూర్చున్నాను. ఎన్నిస్ చేతిలో పెట్టాను చాకు. ఎన్నిస్ అంటే మా ఆయనకి చిన్నప్పటి జతగాడు, మొండితనంలోనూ జతే.

"కళ్ళజోడు తేలేదు," అని గొణిగాడు ఎన్నిస్. అంతలో వేలికి కోత తగిలింది. రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు. టక్! మూశాడు. మళ్ళీ తెరిచాడు. టక్! పక్కవాళ్ళు ఇటివ్వరా అని అరుస్తున్నా ఇవ్వడు.

"ఏంట్రా, చాకెప్పుడూ చూడనట్టు?" అన్నాను.

"నా చాకు పొద్దున్నే మా ఆవిడ పట్టకారుతో తెరుస్తుంది వెర్డీ," అన్నాడు నెమ్మదిగా. "రుమాల్లో చుట్టుకుని వస్తాను. కీళ్ళు పట్టేశాయి." బల్లంతా నేల చూపులు చూసింది. ఒక్కడి వేళ్ళూ తిన్నగా లేవు! ఇంతకాలం ఈ మహానుభావులంతా ఇలాంటి సాకులే చెప్పుకుంటూ ఒకళ్ళకొకళ్ళు భయపడి చచ్చారన్నమాట. నవ్వాలో తన్నాలో తెలీలేదు నాకు.

"కానీ మీ ఆయన ఒక తప్పు చేశాడు," అన్నాడు ఎన్నిస్. "రెండో వైపు కూడా కోత పెట్టాల్సింది."

ఇంటికొచ్చి ఆ మాట యథాతథంగా ఆయన చెవిన వేశాను. మా ఆయన కుర్చీలోంచి లేచాడు.

"రెండు వైపులా కోస్తే పిడిలో ఇంకేం మిగుల్తుంది వాడి మొహం! రెండో రోజుకే విరుగుతుంది! బుద్ధుందా వాడికి? నా టోపీ ఏదీ?"

నేనెంత బతిమాలినా, డాక్టరు ఎంత చెప్పినా కదలని మనిషి, ఎన్నిస్ గాడి తిక్క కోతకి వీధిలో పడ్డాడు. చేతికర్ర మర్చిపోతే పట్టుకుని వెనకే పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి ఇద్దరూ అరుచుకుంటున్నారు. ఉన్నట్టుండి ఎన్నిస్ జేబులోంచి రుమాలు తీసి, విప్పి, తెరిచి ఉన్న చాకు బల్లమీద పెట్టాడు.

"దీన్ని నేను తెరవలేను హోబర్ట్. నువ్వు?"

మా ఆయన కుడిచెయ్యి జేబులోంచి బయటికి తీశాడు. పట్టులేని బొటనవేలు అందరి ముందూ పెట్టాడు.

"నాకూ చేతకాదురా," అన్నాడు.

ఎన్నిస్ పక్కకి జరిగి చోటిచ్చాడు. మా ఆయన కూర్చున్నాడు. అన్ని నెలలు పక్కన పడుకున్న నాతో అనని మాట! ఆ కర్రతోనే ఒక్కటి వేద్దామనిపించింది. ఏడుపు ఆగక చెట్టు చాటుకి వెళ్ళిపోయాను.