మనవాళ్ళ ఇళ్ళు

మూడో ఇంటికి వచ్చేసరికి ఆమెకు ఒక సంగతి తెలిసింది. ఈ దేశంలో ఎవరింట్లోనైనా సింకు కింది అలమారలో ఎడమ పక్క చెత్తబుట్ట, కుడి పక్క గిన్నెలు తోమే సబ్బు ఉంటాయి. వచ్చి పన్నెండు రోజులైంది. ఊరికి వెళ్ళాక ఎవరైనా అడిగితే ఈ దేశం గురించి ఖాయంగా చెప్పగలిగింది ఇదొక్కటే. పొద్దున్నే లేచి, హాల్లో పరిచిన గాలిపరుపులోని గాలి తీసి, మడిచి సోఫా వెనక్కి నెట్టి, ఇంటివాళ్ళు లేచేలోపు వాళ్ళ గిన్నెలు తోముతోంది. తోమమన్నవాళ్ళు లేరు. వద్దన్నవాళ్ళూ లేరు.

“మనవాళ్ళ ఇళ్ళుండగా హోటలెందుకే, దండగ!” అన్నాడు భర్త, ప్రయాణం అనుకున్న రోజే. ఆయనకు మనవాళ్ళు కానివాళ్ళు లేరు. మొదటి మజిలీ ఆయన ఆఫీసు స్నేహితుడి కూతురిల్లు. అక్కడ పిల్లల ఆటసామాన్ల గదిలో పడుకున్నారు. రెండోది పెదనాన్న మనవడిది. అక్కడ బట్టలుతికే మిషన్ పక్కన మడతమంచం వేశారు. ఈ మూడోది ఒకప్పటి పక్కింటివాళ్ళ అల్లుడిది. చోటిచ్చిన ఇంట్లో ఊరికే ఎలా కూర్చుంటామని ఆమె మొదటిరోజు ఒక కూర చేసింది. “పిన్నిగారూ, మా అమ్మ గుర్తొచ్చిందండీ,” అంది ఇంటావిడ. మూడో రోజుకల్లా కూరగాయల సంచి గట్టు మీద పెట్టి ఉద్యోగానికి వెళ్ళిపోయింది. ఆ పిల్లను తప్పుపట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. సాయంత్రం కాళ్ళీడ్చుకుంటూ వచ్చేసరికి వంట సిద్ధంగా ఉంటే ఎవరు వద్దంటారు? ముప్పై ఏళ్ళు బడి నుంచి అలాగే ఇంటికొచ్చిన ఆమెకు ఒక్కసారైనా అలా ఉంటే బావుండేది.

ఆమె భూగోళం టీచరు. ఏటా పిల్లలకు హిమానీనదం పాఠం చెప్పేది. నల్లబల్ల మీద రెండు కొండలు గీసి, వాటి మధ్య మెల్లగా జారే మంచును తెల్ల సుద్దతో నింపేది. “మీరు చూశారా టీచర్?” అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవారు. “చూస్తాను,” అనేది. ఈ ప్రయాణానికి ఒప్పుకున్నదే అందుకు. ఆ మంచు ఈ ఊరికి బస్సులో రెండు గంటల దూరంలో ఉంది. నిన్న సెలవు కదా అని ఇంటాయన కారు తీశాడు. ఆమె చీర మార్చుకుని, శాలువా కప్పుకుని గుమ్మంలోకి వచ్చింది.

“నువ్వెక్కడికే? సాయంత్రం వీళ్ళ స్నేహితులు ఎనిమిది మంది భోజనానికొస్తున్నారుగా! ఫోటోలు తెస్తాలే,” అన్నాడు భర్త.

ఆమె శాలువా తీసేసింది. సాయంత్రం ఆయన ముప్పై ఆరు ఫోటోలు చూపించాడు. అన్నిట్లోనూ ఆయనే ఉన్నాడు. మంచు ఆయన చెవుల పక్కన కొంచెం కొంచెం కనిపించింది.

ఇవాళ సింకు దగ్గరుండగా బాల్కనీలోంచి ఆయన గొంతు వినిపించింది. ఫోన్ స్పీకర్లో పెట్టి నాలుగో ఇంటాయనతో మాట్లాడుతున్నాడు. “మీకేం ఇబ్బంది ఉండదయ్యా. మా ఆవిడ వస్తోందిగా! ఉన్నన్ని రోజులూ మీ ఆవిడ వంటింట్లో అడుగుపెట్టక్కర్లేదు. ఇల్లు అద్దంలా ఉంచుతుంది.”

“అలాగైతే తప్పకుండా రండి బాబాయిగారూ,” అని అవతలి గొంతు నవ్వింది.

ఆమెకు ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. పెళ్ళిచూపుల్లో తండ్రి కూడా ఆమె గురించి ఇలాగే చెప్పాడు. అప్పుడు తల వంచుకుని లోలోపల మురిసింది కూడా. ఎవరితోనైనా చెప్పుకుందామంటే ఈ దేశంలో ఆమెతో మాట కలిపినవాళ్ళంతా కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పడానికే కలిపారు. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుంది.

మధ్యాహ్నం నాలుగో ఇంటికి బయల్దేరి బస్టాండులో పెట్టెలు దించాక, ఎదురుగా కొండలెక్కే ఆడవాళ్ళకు పడకలిచ్చే బస ఒకటి కనిపించింది. ఆమె తన పెట్టె పక్కకు జరుపుకుంది.

“నేను రావడం లేదండీ. ఇక్కడుండి ఆ మంచు చూసొస్తాను. మీరు వెళ్ళండి.”

“ఒక్కదానివా? మతిపోయిందా?” అన్నాడు. బస్సు హారన్ కొట్టింది. ఆయన ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగాడు. “మరి వాళ్ళకేం చెప్పను?”

ఎక్కడ పడుకుంటావని అడగలేదు. ఏం తింటావనీ అడగలేదు. “రాలేదని చెప్పండి,” అంది.

బసలో ఒక్క గదిలో ఆరు పడకలు, పైనా కిందా. ఇనుప కడ్డీల మీద ఎవరివో తడి మేజోళ్ళు ఆరుతున్నాయి. మోకాళ్ళ నొప్పి గనక కింది పడక అడిగింది. మిగతావాళ్ళు తమ భాషలో మాట్లాడుకుంటూ ఆమెను చూసి నవ్వి ఊరుకున్నారు. అరగంట కూర్చుందో లేదో, తుడవడానికి ఏమైనా ఉందేమోనని ఆమె కళ్ళు వెతికాయి. ఏమీ లేదు. పని లేని చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. భయమేసింది, దిగులేసింది. దుప్పటి తల మీదుగా లాక్కుని, ఎందుకో తెలియకుండానే ఏడ్చింది.

మర్నాడు బస్సు దిగి మంచు ఎదురుగా నిలబడింది. అది తెల్లగా లేనే లేదు. మన్నూ రాళ్ళూ మోసుకొచ్చి బూడిదరంగుగా ఉంది. పగుళ్ళలో మాత్రం లోపలెక్కడో నీలంగా మెరుస్తోంది. “ఇన్నేళ్ళూ తప్పు గీశానండీ!” అని పక్కకు తిరిగింది. పక్కనెవరూ లేరు. గాలి కొడుతోంది. ఆ నీలం ఎంత బావుందో చెప్పుకోవడానికి ఒక్క మనిషి కూడా లేకపోవడం గుండెల్లో కలుక్కుమంది. అయినా అక్కణ్ణించి కదలబుద్ధి కాలేదు.

ఫోన్ మోగింది.

“ఏమే, వీళ్ళు చోటు లేదంటున్నారే! ఒక్క రాత్రి ఉంచుకుని, ఇప్పుడు పిల్లలకు పరీక్షలంటున్నారు. నిన్న లేని పరీక్షలు ఇవాళ ఎక్కణ్ణించొచ్చాయి? ఇంకో ఇద్దరికి ఫోన్ చేశాను. వాళ్ళూ ‘పిన్నిగారు రావట్లేదా’ అని నసుగుతున్నారు. నేనిప్పుడు ఎక్కడుండను?”

ఆయన గొంతులో అంత బెదురు ఆమె ఎప్పుడూ వినలేదు. జాలేసింది. “వచ్చేస్తున్నానండీ” అన్న మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగడానికి కాసేపు పట్టింది.

“ఎక్కడో ఒకచోట సర్దుకోండి,” అంది.