ఎర్రబల్బు వెలగని థియేటర్

ఫిల్మ్‌నగర్‌లో మూతపడిన డబ్బింగ్ థియేటర్‌ను బస్తీ పిల్లలు చదువుకోవడానికి ఇమ్మని కొమురమ్మ అడిగింది. ఒకప్పుడు అందులోనే ఆమె, ఆమె తోటివాళ్లు సినిమాల్లోని గుంపులకు గొంతులిచ్చేవారు.

“పిల్లలు లొల్లి చేస్తే పక్కింటోళ్లు నన్ను తిడ్తరు. సాఫ్ట్‌వేరోళ్లకే కిరాయికిస్త,” అన్నాడు యజమాని జగదీశ్.

“జర బయట నిలబడుండ్రి సారూ. మేం లోపల ఒర్రుతం, మీకు ఇనబడ్తదేమో సూడుండ్రి,” అంది కొమురమ్మ.

తోటి ఆడవాళ్లను లోపలికి తీసుకెళ్లి కొమురమ్మ తలుపు మూసింది. అరవమంటే ఎవరూ నోరు విప్పలేదు. అలవాటు కొద్దీ అందరూ రికార్డింగ్ ఎర్రబల్బు ఎప్పుడు వెలుగుతుందా అని చూస్తున్నారు.

“కరెంటే లేదు, బల్బెట్ల వెలుగుతది? ఒర్రుండ్రి.”

కోట మీద పడ్డ జనంలా గొంతు పోయేదాకా అరిచారు. కొమురమ్మ తలుపు తీసింది.

“ఇంకా షురూ చెయ్యలేదా?” అన్నాడు జగదీశ్.

“అయిపోయింది సారూ. తాళంచెవి ఇయ్యుండ్రి,” అంటూ ఆమె చెయ్యి చాచింది.